నా అబద్ధానికి మూడు ఊళ్ల సాక్ష్యం

జనగామలో నా మాటకు ఒక కొలత ఉంది. పది అడుగుల పామును చూశానని నేనంటే, వినేవాడు మనసులోనే తొమ్మిది అడుగులు కోసేసి, మిగిలిన అడుగును వానపాము కింద జమకడతాడు. దీనికి నేనెప్పుడూ నొచ్చుకోలేదు. విత్తనాల కంపెనీ తరఫున ఊళ్లు తిరిగే మనిషికి మాటే బతుకు. సంచి విప్పే ముందు ఒక గమ్మత్తు కథ విప్పితే రైతు కూర్చుంటాడు, నవ్వుతాడు, ఆ తరువాతే పత్తి విత్తనం వైపు చూస్తాడు. అట్లా పాలకుర్తి నుంచి మొగుళ్లపల్లి దాకా నేను అమ్మిన విత్తనాలకంటే చెప్పిన కథలే ఎక్కువ మొలిచాయి. వాటిలో ఒకటి ఎంత ఏపుగా పెరిగిందంటే, దాన్ని పెరికేసరికి నా నడుం విరిగింది.

అవి తెలంగాణ కోసం ఊరూరా టెంట్లు వేసి కూర్చున్న రోజులు. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ఇప్పుడు మూడు జిల్లాలు గానీ, అప్పుడు అన్నీ ఒక్క జిల్లాలోవే. మా టెంటులో పొద్దున పాటలు, మధ్యాహ్నం ఉపన్యాసాలు. ఒకనాడు ఒకాయన మైకు పట్టుకుని, మన మాటను సినిమాల్లో రౌడీలకూ తాగుబోతులకూ పెట్టారని గంటసేపు మండిపడ్డాడు. అందరం చప్పట్లు కొట్టాం. మాకు బడిలో సాంఘిక శాస్త్రం చెప్పి రిటైరైన సారు మాత్రం చేతులు కదపలేదు.

"ఆళ్లు మన గురించి తప్పు రాసిండ్రు, మంచిది. మరి మనం ఏం రాసినం?" అన్నాడు ఆయన. "మన ఊర్లకెల్లి మిలటరీకి పోయి మల్ల రానోళ్లు ఎంతమంది? ఒక్కని కథన్న చెప్పుండ్రి చూద్దాం."

టెంటులో అందరూ పక్కవాడి వైపు చూశారు. నేను నోరు విప్పబోయాను. ఆయన వేలెత్తి చూపించాడు. "నువ్వు గాదు."

ఆయనకు నా సంగతి తెలుసు. తొమ్మిదో తరగతి పరీక్షలో నేను అశోకుణ్ణి కళింగ నుంచి తిన్నగా పాలకుర్తికి తీసుకొచ్చి, అక్కడి జొన్నరొట్టె తిన్నాకే ఆయనకు వైరాగ్యం పుట్టిందని రాశాను. జొన్నరొట్టె బాగా వర్ణించానని రెండు మార్కులు వేసి, చరిత్రను చెడగొట్టానని రెండు బెత్తం దెబ్బలు వేశాడు.

మరునాడే పని మొదలైంది, మిలటరీకి పోయి తిరిగిరానివాళ్ల మీద ఒక పుస్తకం. ముగ్గురం. సారుది రాత. కిరాణా హోల్‌సేల్ దుకాణం ఉన్న సేటుది ట్రాలీ ఆటో. నాది తోవ. ఏ ఊళ్లో ఏ గల్లీ ఎటు తిరుగుతుందో నాకంటే ఎరిగినవాడు లేడు కాబట్టి నన్ను కలుపుకోక తప్పలేదు. "నువ్వు తోవ చూపియ్యి సాలు. పెన్ను ముట్టుకుంటివా, చెయ్యి ఇరుగుతది" అని సారు ముందే చెప్పాడు.

సారు ఒక ఫారం తయారు చేశాడు. పుట్టుక, చదువు, పెళ్లి, సైన్యంలో పని, మరణం. దేనికైనా ఇద్దరు సాక్షులు ఉండాలి. అదీ ఒకే ఊరివాళ్లు కాకూడదు. ఒకే ఊరివాళ్లయితే అరుగు మీద కూర్చుని మాట కలుపుకుంటారని ఆయన అనుమానం. ముగ్గురు దొరికితే ఇంకేం, ఆ గడి కింద ఎర్రసిరాతో గీత గీసేవాడు. అంటే ఇక దానికి తిరుగు లేదని. ఆయన రాసుకుంటుంటే నేను చాలాసార్లు పక్క గల్లీలో తరువాతి ఇల్లు వెతుకుతుండేవాణ్ణి.

ఎన్ని ఇళ్లు తిరిగామో! పాలకుర్తి దగ్గర ఒక ముసలమ్మ కొడుకు సైకిలు గంటను గుడ్డలో చుట్టి దాచింది. సైకిలు ఎప్పుడో తుప్పు పట్టి పోయింది. ఫోటో అడిగితే లేదని, ఆ గంట తీసి రెండుసార్లు మోగించి, "గిదే మా వాడు" అంది. సారు ఫారంలో ఫోటో గడి దగ్గర ఏం రాయాలో తోచక చాలాసేపు కూర్చుని, చివరికి "గంట" అని రాశాడు.

అట్లా తిరుగుతూ మానుకోట అవతల ఒక తండాకు వెళ్లాం. మహబూబాబాదును మేము మానుకోట అనే అంటాం. బంగ్లాదేశ్ యుద్ధమప్పుడు కాశ్మీరు కొండల్లో చనిపోయిన ఒక లంబాడా జవాను తండా అది. ఆయన సైన్యంలో కంచర గాడిదలను నడిపేవాడు. బండ్లు ఎక్కలేని కొండలకు వాటి మీదే సామాను పోతుంది. అతని అక్క ఒక్కతే మిగిలింది. డెబ్బైకి దగ్గర పడ్డ మనిషి, అద్దాల రవికె, మోచేతుల దాకా గాజులు. మమ్మల్ని మంచం మీద కూర్చోబెట్టింది. కోడలు చాయ్ తెచ్చింది.

సారు ఫారం తీయగానే ఆమె, "మా తమ్మున్ని గురించి ఊర్లల్ల అడిగి రాసుకున్నరట గద. ముందుగాల అది చదువు సారూ" అంది.

సారు గొంతు సవరించుకున్నాడు. పేరు, తండా, దళం చదివి, ఎర్రగీత గీసిన గడికి వచ్చాడు. "కంచర గాడిద తన్నగా మరణించెను. సాక్షులు: పాలకుర్తి ఒకరు, కొడకండ్ల ఒకరు, ఘనపూర్ ఒకరు."

ఆమె కోడలితో వాళ్ల భాషలో ఏదో అంది. కోడలు వచ్చి మా చేతుల్లోని గ్లాసులు తీసుకుపోయింది. నా గ్లాసులో ఇంకా సగం ఉంది.

"అవ్వా, ఇగ మీ తమ్ముని చిన్నతనం, చదువు, పెండ్లి..." అని సారు మొదలుపెట్టాడు.

"గాడిద తన్ని సచ్చినోనికి చిన్నతనమేంది, పెండ్లేంది?" అందామె. గొంతు పెద్దదేమీ చేయలేదు. "మా తాతలు ఎడ్ల మీద ధాన్యం ఏసుకోని దేశాలు తిరిగినోళ్లు సారూ. పశువు ఎప్పుడు తంతదో, ఎందుకు తంతదో మాకు ఎర్కలేదా? కాయితం వచ్చిన్నాడు గుడ డ్యూటీల సచ్చిండని ఒక్క ముక్కనే ఉండె. ఎట్ల సచ్చిండని ఎవల్నడిగినా చెప్పలే. ఇన్నేండ్లకు మీరు వచ్చి గిది చెప్తిరి. పోండ్రి. సరిగ రాసుకోని రాండ్రి. గప్పటిదాక వాని ముచ్చట నా నోట్లకెల్లి ఒక్కటి రాదు."

సారు, సేటు తలలు వంచుకుని లేచారు. నేను లేవలేకపోయాను. ఎందుకంటే ఆ గాడిద నాది. ఆ తన్నూ నాదే.

ఇరవై ఏళ్లకు పైమాట. జనగామ బస్టాండు దగ్గర హోటల్లో చాయ్ తాగుతుంటే ఎవరో ఈ తండా జవాను కంచర గాడిదలను తోలేవాడని అన్నారు. నాకు అంత చాలు. "ఆ గాడిద ఒక్క తన్ను తన్నితే ఆయన ఈ గుట్ట మీదికెల్లి లేచి, మబ్బులల్లకెల్లి పోయి, పాకిస్తానోళ్ల గుట్ట మీద పడ్డడు. మనుషులను ఇసిరేసే ఫిరంగి తోపు మనోళ్ల దగ్గర ఉన్నదనుకోని ఆళ్లు తుపాకులు కింద పెట్టిండ్రు" అని చెప్పాను. హోటలంతా ఘొల్లుమంది. ఆ జవానుకు ఒక అక్క ఉంటుందని, ఆమె ఇరవై ఏళ్ల తరువాత ఆ మాట మంచం పక్కన నిలబడి వింటుందని నేనెందుకు అనుకుంటాను?

తండా దాటగానే ఆటోలో చెప్పేశాను. "సారూ, ఆ తన్నుడు ముచ్చట అబద్ధం. నేనే పుట్టిచ్చిన."

సేటు బండి పక్కకు ఆపి స్టీరింగు మీద పడి నవ్వాడు. "జూసినవా సారూ! మూడు ఊర్లోళ్లు చెప్పిన ముచ్చటను గుడ తనదే అంటున్నడు. రేపు చార్మినారు గుడ నేనే కట్టిన అంటడు."

"ఒట్టు సారూ."

"నీ ఒట్టు నమ్మి అశోకున్ని పాలకుర్తికి రానిచ్చిన. ఇగ సాలు" అన్నాడు సారు. "మూడు ఊర్ల సాక్ష్యం ఒక దిక్కు, నువ్వొక్కనివి ఒక దిక్కు. నేనెట్ల కొట్టేయాలె?"

చూశారా అన్యాయం! అబద్ధం చెప్పిన రోజు జనం నమ్మారు. అది అబద్ధమని నిజం చెప్పిన రోజు ఒక్కడూ నమ్మలేదు. బండి వెనక బియ్యం సంచుల మీద కూర్చుని, నా సాక్షులను నేనే పట్టుకోవాలని నిశ్చయించుకున్నాను.

ముందు ఘనపూర్ వెళ్లాను. అక్కడి సాక్షి సెలూను నడుపుతాడు. గడ్డానికి సబ్బు పూయించుకుని అడిగాను. "పాపం, గాడిద తన్నిందట" అని ఆయన ఎంతో బాధగా తల ఊపాడు. ఎవరు చెప్పారంటే, కొడకండ్లలో ఉన్న బావమరిది. ఆ బావమరిది దర్జీ, మా రెండో సాక్షి ఆయనే. ఆయన కథలో జవాను తన్ను తిని ఇరవై గజాల దూరం పడ్డాడు. ఆయనకు చెప్పింది పాలకుర్తిలో ఆటో నడిపే అన్న. మూడో సాక్షి! ఆటో అన్న కథలో జవాను మబ్బుల దాకా లేచాడు గానీ, పాకిస్తాను వాళ్లు లొంగిపోలేదు. "గది జర ఎక్కువైందని నేనే తీసేసిన" అన్నాడు. ఆయన ఎక్కడ విన్నాడు? జనగామ బస్టాండు హోటల్లో.

వెనక్కి పోయిన కొద్దీ కథ పెద్దదవుతూ వచ్చింది. ముందుకు పోయిన కొద్దీ ఒక్కొక్కరూ నమ్మలేని ముక్క ఒకటి కోసేస్తూ పోయారు. మబ్బులు పోయాయి, పాకిస్తాను గుట్ట పోయింది. అబద్ధాలన్నీ రాలిపోయి చివరికి ఒక్క తన్ను మిగిలింది. చూడ్డానికి అచ్చం నిజంలా.

హోటలాయన్ను టెంటుకు పట్టుకొచ్చాను. సారు ముందు నిలబెడితే ఆయన, "ఈనె చెప్పిందే సారూ! మనిషి ఎగిరిపోయి పాకిస్తానుల పడ్డడంటే నవ్వి నవ్వి నా చేతిల చాయ్ గిన్నె కింద పడ్డది" అన్నాడు. అక్కడే ఉన్న పక్క ఊరి హమాలీ అన్న కూడా, "అవ్, నేను గుడ ఇన్న" అన్నాడు. నా అబద్ధానికి ఇద్దరు సాక్షులు, పద్ధతి ప్రకారమే.

సారు ఎర్రగీత గీసిన గడిని కొట్టేశాడు. నన్ను తిట్టలేదు. తిడితే బాగుండు అనిపించింది. "నీదొక్కనిదే గాదురా తప్పు, నాది గుడ" అన్నాడు. "ఎంతమంది చెప్పిండ్రని లెక్క పెట్టిన గాని, నీకెవలు చెప్పిండ్రని ఒక్కన్ని అడగలే." ఆ రోజే ఫారంలో కొత్త గడి చేరింది: ఈ సంగతి మీకు ఎవరు చెప్పారు? పాత ఫారాలన్నీ పట్టుకుని మళ్లీ ఊళ్లు తిరగాల్సి వచ్చింది. సేటు నన్ను చూసినప్పుడల్లా పళ్లు నూరేవాడు.

కొట్టేయడం వరకు బాగానే ఉంది. ఇప్పుడు ఆ గడి ఖాళీ. పుస్తకం అచ్చుకు ఇవ్వడానికి వారమే ఉంది. ఆ అవ్వ నోరు విప్పకపోతే ఆమె తమ్ముడికి దక్కేది పేరు, తండా, దళం, మూడే మాటలు. మిగతా పేజీ తెల్లకాగితం. దానికి కారణం నేను.

మాజీ సైనికుల జాబితా సారు దగ్గర ఉంది. కంచర గాడిదల దళంలో పనిచేసినవాళ్లు ఎవరైనా ఉన్నారా అని ఒక్కొక్క గడపా ఎక్కాను. చివరికి మొగుళ్లపల్లిలో ఒక మనిషి దగ్గర ఆగాను. ఆయన నాకు కొత్త కాదు. పదేళ్లుగా నా దగ్గర పత్తి విత్తనం కొంటున్న రైతు. ఒక కాలు ఈడుస్తూ నడుస్తాడు. ఎద్దు తొక్కిందేమో అనుకునేవాణ్ణి.

తండా జవాను పేరు చెప్పగానే చేతిలో పార పక్కన పెట్టాడు.

"ఇన్నేండ్లల్ల ఎప్పుడూ చెప్పలేదేందే?" అన్నాను.

"నువ్వు చెప్పుడే గాని ఒక్కనాడన్న నన్నడిగినవా?" అన్నాడాయన.

గట్టు మీద కూర్చుని ఆయన చెప్పింది ఇది. పై పోస్టుకు పోయే తోవ గుండ్ల దెబ్బకు తెగిపోయింది. పైన నీళ్లు లేవు, తూటాలు లేవు. గాడిదలు మొరాయిస్తున్నాయి. తండా జవాను వాళ్ల తాత ఎడ్లను తోలే పిలుపు ఒకటి పిలిచేవాడు. దళంలో గాడిదలన్నీ దానికి అలవాటు పడ్డాయి. ఆ పిలుపుతో రెండుసార్లు పైకి తీసుకుపోయాడు, దింపాడు. మూడోసారి దిగేటప్పుడు దెబ్బ తగిలినవాళ్లను ఇద్దరిని చెరొక గాడిద మీద కట్టి తెస్తుంటే, గుండు వచ్చి పక్కనే పడింది. జవాను లేవలేకపోయాడు. పడ్డచోటి నుంచే పిలవడం మొదలుపెట్టాడు. మంచులో ముందు మనిషి లేకుండా గాడిదలు రెండూ ఆ పిలుపు విని ఒక్కొక్క అడుగు వేసుకుంటూ దిగాయి. కింద మనవాళ్లు పట్టుకునే దాకా పైనుంచి పిలుపు వస్తూనే ఉంది. ఆ తరువాత రాలేదు.

నేను జనగామకు తిరిగొచ్చి సారుకు చెప్పాను. నా బతుకులో మొదటిసారి, ఒక్క ఈక కూడా అతికించకుండా.

సారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "తెగిన తోవ, మంచు, పిలుపు ఇని నడిచే గాడిదలు... ఒరేయ్, ఇది అచ్చం నీ కథ లెక్కనే ఉందిరా."

సేటయితే రెండు చేతులూ జోడించాడు. "ఇగ గాడిదలను ఇడిచిపెట్టవా అన్నా?"

ఇంక మాటలతో పని కాదు. మనిషినే తేవాలి. "రేపు తండాకు రాండ్రి. ఆయన నోటితోనే ఇందురు" అని చెప్పి పొద్దున్నే మొగుళ్లపల్లి పోయాను. బస్సులు బందు. ఆయన్ను నా మోటారుసైకిలు వెనక ఎక్కించుకుని బయల్దేరాను. తెలంగాణ కోసం ఆ రోజు వంటావార్పు. రోడ్డుకు అడ్డంగా రాళ్లు పెట్టి పొయ్యిలు ముట్టించి జనం అక్కడే వండుకుని తింటున్నారు. మొదటి చోటనే ఆపేశారు.

"ఎటు పోతున్నరే? బండ్లు పోనిచ్చేది లేదు" అంది గంటెతో పులిహోర కలుపుతున్న అక్క.

నేను నోరు తెరిచేలోపు వెనక నుంచి ఆయన, "బిడ్డా, మిలటరీల సచ్చిన దోస్తు గురించి సాక్ష్యం చెప్పనీకి పోతున్న. ఆని అక్క నలభై ఏండ్ల సంది ఎదురుచూస్తుంది" అన్నాడు.

ఆ అక్క గంటె పక్కన పెట్టింది. "ఏందే అందరు చూస్తుండ్రు? పొయ్యి రాళ్లు జరుపుండ్రి!" అంది. మండుతున్న పొయ్యి జరిగింది, మా బండికి దారి వచ్చింది. దారితోపాటు ఆకుల్లో పులిహోర వచ్చింది, జెండాలు కట్టిన బండ్లు వెంట వచ్చాయి. తరువాతి చోట ఆపేవాళ్లకు వాళ్లే చెప్పేశారు, అక్కడివాళ్లూ వెంట పడ్డారు. తండా చేరేసరికి మా వెనక వంద బండ్లు ఉన్నాయి. మీరు తొంభై కోసేసినా పది మిగులుతాయి. ఆ పదింటికి సేటు సాక్ష్యం ఉంది, అడగండి.

సారు, సేటు అప్పటికే వచ్చి ఉన్నారు. అవ్వ గుమ్మంలో నిలబడి ఉంది. మొగుళ్లపల్లి ఆయన కాలు ఈడ్చుకుంటూ వెళ్లి ఆమె ముందు నేల మీదే కూర్చున్నాడు. తోవ, మంచు, మూడోసారి దిగడం, అంతా చెప్పాడు. జెండాలు పట్టుకుని అరుచుకుంటూ వచ్చిన వాళ్లంతా చప్పుడు లేకుండా విన్నారు.

సారు పెన్ను మూత తీశాడు. కొత్త గడిలోని ప్రశ్న అడగాల్సిందే మరి. "ఈ సంగతి మీకు ఎవలు చెప్పిండ్రు?"

"ఎవలు చెప్పలే సారూ" అన్నాడాయన. "గాడిద మీద కట్టేసి ఉన్నది నేనే." పంచె మోకాలి దాకా జరిపి కాలు చూపించాడు. ఎద్దు తొక్కిన కాలు కాదు అది.

"రెండో ఆయన?" అని సారు అడిగాడు.

"బతికిండు గని, మొన్నీమధ్యన పోయిండు."

"అయితే సాక్షి ఒక్కడే" అని సేటు గొణిగాడు. నాకు ఒళ్లు మండింది.

అప్పుడు మొగుళ్లపల్లి ఆయన, "అక్కా, ఆని పిలుపు నాకు ఇంక యాదికున్నది" అని కళ్లు మూసుకున్నాడు. నాలుకను అంగిటికి తాకించి రెండుసార్లు టక్‌టక్‌మని, ఆ వెంటనే లోపలి నుంచి సాగదీసి ఒక కేక పెట్టాడు. ముందు సన్నగా లేచి, మధ్యలో విరిగి, మళ్లీ కిందికి దిగే కేక. పాకలో ఆవు తలెత్తింది.

అవ్వ గుమ్మం గడియ పట్టుకుంది. పెదవులు కదిలాయి. తరువాత, ఆ కేక ఎక్కడ ఆగిందో అక్కడి నుంచి అందుకుని, మిగిలిన సగం పిలిచింది. ఆ సగం ఆయనకు తెలియదు. ఎవరూ ఆయనకు నేర్పలేదు. ఎడ్లు ఇల్లు చేరినప్పుడే పిలిచే సగమట అది, కొండల్లో జవానుకు దాన్ని పిలిచే రోజే రాలేదు.

"మా తాతది" అంది. "మా ఇంట్ల తప్ప ఇంకెవలకు రాదు. నాకొచ్చు, ఆనికొచ్చు."

సారు రెండో సాక్షి గడిలో ఆమె పేరు రాయడం మొదలుపెట్టాడు. సేటు మెల్లగా, "ఆమె కండ్లతోని చూడలే గద సారూ?" అన్నాడు.

"పిలుపును కండ్లతోని చూస్తరా సేటూ?" అన్నాడు సారు, తల ఎత్తకుండానే.

రాసింది అందరికీ వినబడేలా చదివాడు. "తెగిన తోవలో మూడుసార్లు పోస్టుకు వెళ్లి, దెబ్బ తగిలిన ఇద్దరిని తన పిలుపుతో కిందికి చేర్చి, పిలుస్తూనే మరణించెను."  తరువాత లేచింది చూడండి కేక! జై తెలంగాణ అన్నది ఎవరో, ఆ జవాను పేరెత్తి అమర్ రహే అన్నది ఎవరో తెలియలేదు. డప్పు ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు. తండా ఆడవాళ్లు చేతులు పట్టుకుని గుండ్రంగా తిరగడం మొదలుపెట్టారు. మొగుళ్లపల్లి ఆయన్ను ఎవరో భుజాల మీదికి ఎత్తుకున్నారు. సేటు ఏడుస్తూ, ఏడవడం లేదని నాతో పోట్లాడాడు.

అంత గోలలోనూ అవ్వ సారు దగ్గరికి వచ్చి కూర్చుంది. వేలితో కాగితం మీద తట్టింది. "గిక్కడ ఏముంది?"

"చిన్నతనం" అన్నాడు సారు.

"రాసుకో మరి" అంది. "వాడు పుట్టిన్నాడు నాకు మూడేండ్లు. మా యాడి, అంటే మా అమ్మ, వాన్ని నా ఒళ్లె పెట్టి నీళ్లకు పోయింది. ఏడుస్తుంటే ఏం జేయాల్నో తెల్వక ఆవుదూడ పక్కకు పండవెట్టిన. దూడ నాకుతుంటే నవ్విండు. ఆగు ఆగు, దూడ ముచ్చటకు ముందు వానకాలం ముచ్చట ఉన్నది, గది పైన రాయి..."

సారు కొట్టేశాడు, పైన రాశాడు, పక్కన రాశాడు. గడి నిండిపోయింది. కాగితం వెనక్కి తిప్పాడు, అదీ నిండింది. డప్పు ఆగి, జనం ఒక్కొక్కరే ఆమె చుట్టూ చేరి కూర్చున్నారు. ఆమె చెప్పే ముచ్చటలో తమ్ముడికి ఇంకా నాలుగో ఏడు కూడా నిండలేదు, అప్పుడే సారు నా వైపు చెయ్యి చాచాడు.

"ఇంకో పెన్ను ఉంటే తియ్యిరా. ఆ కొసకు కూసోని నువ్వు గుడ రాయి. నాకు అందుతలేదు."